ఎత్తుకెళ్లి వేరేచోట వదిలితే? జంతువుల తలలో మ్యాప్ ఉందో లేదో తేల్చే ప్రశ్న

ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల వదిలిన పావురం గూటికి తిరిగొచ్చిందని వినగానే, దాని బుర్రలో ఏదో మ్యాప్ ఉండే ఉంటుందని అనేస్తాం. చీమ గురించి విన్నా, తాబేలు గురించి విన్నా అదే మాట. కానీ ఇంటికి చేరడం వేరు, తానెక్కడ ఉన్నదీ తెలియడం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే ఈ విషయం చుట్టూ ఇంత గందరగోళం.

రెంటినీ విడదీసి చూడటానికి పరిశోధకులు ఎప్పటినుంచో వాడుతున్న సాదాసీదా పద్ధతి ఒకటుంది. జంతువును దారి మధ్యలో పట్టుకుని, వేరేచోటికి మోసుకెళ్లి వదిలేస్తారు. ఆ తర్వాత అది ఎటు కదులుతుందో చూస్తారు. ఎన్ని ఖరీదైన పరికరాలు వచ్చినా, ఈ ప్రశ్నను ఇంత సూటిగా అడిగే పద్ధతి మరొకటి లేదని నా అభిప్రాయం. ఒక్కో జంతువు దీనికి ఒక్కో రకంగా సమాధానం చెబుతుంది. ఆ తేడాల్లోనే అసలు సంగతంతా ఉంది.

మ్యాప్ లేకుండానే ఇంటికి

ట్యునీసియాలోని ఉప్పు మైదానాల్లో కాటాగ్లిఫిస్ అనే ఎడారి చీమ ఉంటుంది. మిగతా ప్రాణులన్నీ ఎండకు భయపడి దాక్కున్న వేళ ఇది బయటికొస్తుంది. వేడికి చచ్చిపడిన పురుగులే దీని తిండి. గుర్తుపట్టడానికి చెట్టూ పుట్టా ఏమీ లేని నేల మీద అటూ ఇటూ వంకరటింకరగా తిరుగుతూ గూటి నుంచి వంద మీటర్లకు పైగా వెళ్తుంది. తిండి దొరికిన మరుక్షణం వచ్చిన వంకర దారిని వదిలేసి, గూటి వైపు తిన్నగా పరుగు తీస్తుంది. గూటి నోరు చూస్తే చిన్న కన్నం. ఈ చీమ మిగతా చాలా చీమల్లాగా వాసన చారను పట్టుకుని వెనక్కి రాదు.

ఇప్పుడు దాన్ని సరిగ్గా తిండి నోట కరుచుకున్న క్షణంలో పట్టుకుని, ఇంకోచోటికి తీసుకెళ్లి వదలండి. అది ఏమాత్రం తడబడదు. ఎత్తుకెళ్లకపోయి ఉంటే గూడు ఏ దిక్కున ఎంత దూరంలో ఉండేదో, అదే దిక్కుకు అంతే దూరం పరిగెత్తి, టక్కున ఆగుతుంది. అక్కడ గూడు ఉండదు. అప్పుడు ఆ చోటు చుట్టూ చిన్న చుట్లు, తర్వాత పెద్ద చుట్లు తిరుగుతూ వెతుకుతుంది. అంటే తనను ఎవరో మోసుకెళ్లారన్న విషయం దాని లెక్కలోకే రాలేదు. తానెక్కడున్నదీ దానికి తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే: ఇక్కణ్నుంచి గూడు ఇటువైపు, ఇంత దూరం. వేసే ప్రతి అడుగుకూ, తిరిగే ప్రతి మలుపుకూ ఆ ఒక్క బాణం గుర్తును సరిచేసుకుంటూ పోతుంది. దీన్ని దారి లెక్క అనుకుందాం.

బాణానికి రెండు కావాలి, దిక్కు ఒకటి, దూరం ఒకటి. దిక్కు సంగతి ట్యునీసియాలో పనిచేసిన స్విస్ డాక్టర్ ఫెలిక్స్ సాంచీ 1911లోనే పట్టుకున్నాడు. ఇంటికి వెళ్తున్న చీమకు సూర్యుడు కనబడకుండా అడ్డం పెట్టి, ఎదుటి వైపు నుంచి అద్దంతో ఎండ పడేలా చేశాడు. చీమ వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టింది. సూర్యుడు కనబడకపోయినా నీలాకాశం ముక్క కనిపిస్తే చాలు, ఈ చీమలు దిక్కు తప్పవు. ఆకాశపు వెలుతురులో సూర్యుడి స్థానాన్ని బట్టి ఏర్పడే ధ్రువణాన్ని, అంటే కాంతి అలలు ఒకే వాటంలో ఊగడాన్ని, వాటి కళ్ల పైఅంచులోని ప్రత్యేక భాగం పట్టుకుంటుంది. మన కళ్లు దాన్ని గమనించవు. జ్యూరిక్ యూనివర్సిటీకి చెందిన రూడిగర్ వేనర్ తన జీవితంలో దశాబ్దాల పాటు ఈ చీమల వెంటే తిరిగి ఆ వివరాలు బయటపెట్టాడు.

మరి దూరం? ఇక్కడ 2006లో వేనర్, మథియాస్ విట్లింగర్, హారల్డ్ వోల్ఫ్ కలిసి చేసిన ప్రయోగం గురించి కాస్త ఆగి చెప్పాలి. చీమలను గూటి నుంచి 10 మీటర్ల దూరంలో ఉన్న తిండి దగ్గరికి ఒక సన్నటి కాలువ లాంటి దారిలో నడిపించారు. తిండి దగ్గర వాటిని పట్టుకుని, కొన్నిటి కాళ్లకు పంది వెంట్రుకలు అతికించి కాళ్లు పొడుగు చేశారు. కొన్నిటి కాళ్ల చివర్లు కత్తిరించి పొట్టి చేశారు. తర్వాత నోటికి తిండి ముక్క అందించి, పక్కనే అలాంటిదే ఇంకో దారిలో వదిలారు. పొడుగు కాళ్ల చీమలు గూడు దాటిపోయి, 15 మీటర్ల దాకా వెళ్లి అక్కడ వెతకడం మొదలుపెట్టాయి. పొట్టి కాళ్లవి 6 మీటర్లయినా వెళ్లకుండానే ఆగిపోయి, గూడు ఇక్కడే ఉండాలన్నట్టు అటూ ఇటూ తచ్చాడాయి. వెళ్లేటప్పుడు ఎన్ని అడుగులు పడ్డాయో, వచ్చేటప్పుడూ దాదాపు అన్నే వేశాయి. మారింది అడుగు పొడవు. ఇంతటితో ఆపలేదు వాళ్లు. అవే చీమలను గూట్లోకి వదిలి, మర్నాటి నుంచి ఆ మారిన కాళ్లతోనే వెళ్లి ఆ కాళ్లతోనే రానిచ్చారు. ఈసారి పొడుగు కాళ్లవీ పొట్టి కాళ్లవీ రెండూ సరైన చోటే ఆగాయి. రెండువైపులా కొలబద్ద ఒకటే అయింది కదా! కాళ్లు మార్చడం వల్ల చీమ గాభరాపడి తప్పటడుగులు వేసిందేమో అనే అనుమానానికి ఇక చోటే లేదు. ఒక ప్రశ్నను ఇంత శుభ్రంగా తేల్చిన ప్రయోగాలు జీవశాస్త్రంలో అరుదు.

తేనెటీగకు అడుగుల లెక్క పనికిరాదు, అది ఎగురుతుంది. మాండ్యం శ్రీనివాసన్ ఆస్ట్రేలియాలో చూపించినదాని ప్రకారం అది కళ్ల పక్కనుంచి వెనక్కి జారిపోయే దృశ్యాన్ని బట్టి దూరం కొలుస్తుంది. గోడల మీద గజిబిజి నమూనాలున్న ఇరుకు సొరంగంలో ఎగిరితే, గోడలు దగ్గరగా ఉండటం వల్ల దృశ్యం జోరుగా జారుతుంది. అలా కొన్ని మీటర్లు మాత్రమే ఎగిరిన తేనెటీగ పట్టులోకి తిరిగొచ్చి, వంద మీటర్లకు పైగా వెళ్లొచ్చానన్నట్టు తోటి ఈగలకు నాట్యం చేసి చెప్పింది.

దారి లెక్కకు ఒక లోపం ఉంది. ప్రతి అడుగులో చిన్న తప్పు ఉంటుంది, అవన్నీ కూడుకుంటూ పోతాయి. అందుకే చీమకు ఆ వెతికే చుట్లు అవసరం. చుట్టుపక్కల గుర్తులున్న చోట బతికే చీమలు ఆ దృశ్యాలను కూడా గుర్తుపెట్టుకుంటాయి. అయినా అసలు పాఠం మారదు. తిన్నగా ఇంటికొచ్చినంత మాత్రాన తలలో మ్యాప్ ఉన్నట్టు కాదు.

దిక్సూచి ఉన్నా దారి తెలియకపోవచ్చు

ఇదే పరీక్ష పక్షులకు పెట్టినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన పెర్డెక్. 1950లలో ఆయన బృందం ఆకురాలు కాలంలో వలస పోతున్న స్టార్లింగ్ పిట్టలను ద హేగ్ దగ్గర 11,000కు పైగా పట్టి, కాళ్లకు రింగులు తొడిగి, విమానంలో స్విట్జర్లాండ్ చేర్చి వదిలింది. ఆ పిట్టలు మామూలుగా నైరుతి వైపు వెళ్లి ఉత్తర ఫ్రాన్స్‌లో, దక్షిణ ఇంగ్లండ్‌లో చలికాలం గడుపుతాయి. స్విట్జర్లాండ్‌లో వదిలిన వాటిలో పెద్దవి కొత్త చోటును లెక్కలోకి తీసుకుని వాయవ్యానికి మళ్లాయి, తమ పాత విడిది వైపే వెళ్లాయి. ఆ ఏడే పుట్టి మొదటిసారి వలస పోతున్న పిల్లలు మాత్రం అదే నైరుతి దిక్కు పట్టుకుని పోయి, దక్షిణ ఫ్రాన్స్‌లోనూ స్పెయిన్‌లోనూ తేలాయి.

చీమకూ ఆ పిల్లపిట్టకూ ఒకటే జబ్బు. దిక్కు తెలుసు, ఉన్న చోటు తెలియదు. పిల్లపిట్ట పుట్టుకతో తెచ్చుకున్నది 'ఇటువైపు ఇంతకాలం ఎగురు' అనే ఆదేశం. పెద్దపిట్టకు అనుభవంతో ఇంకోటి తోడయింది. దాదాపు అదే కాలంలో జర్మన్ శాస్త్రవేత్త గుస్టావ్ క్రామర్ ఈ తేడాకు ఒక చక్కటి రూపం ఇచ్చాడు. ఇంటికి చేరడంలో రెండు మెట్లున్నాయన్నాడు. మొదటిది, ఇంటితో పోలిస్తే నేనెక్కడున్నాను అన్నది తేల్చుకోవడం. దానికి మ్యాప్ కావాలి. రెండోది, అయితే ఎటు కదలాలి అన్నది. దానికి దిక్సూచి కావాలి. మీ చేతిలో ఎంత మంచి దిక్సూచి ఉన్నా, కళ్లకు గంతలు కట్టి తెలియని చోట వదిలేస్తే అది ఉత్తరం చూపిస్తుంది తప్ప ఇల్లు చూపించదు.

దిక్సూచుల గురించి మనకు చాలానే తెలుసు, ఆ భాగం త్వరగా దాటేద్దాం. సూర్యుణ్ని వాడేవి ఎన్నో, అందులో పొద్దు కదలికను ఒంట్లోని గడియారంతో సరిచూసుకునేవి ఉన్నాయి. అమెరికాలో స్టీఫెన్ ఎమ్లెన్ చేతిపెంపకంలో పెరిగిన ఇండిగో బంటింగ్ పిల్లలకు ప్లానెటేరియంలో ఆకాశాన్ని ధ్రువనక్షత్రం చుట్టూ కాకుండా ఆర్ద్రా నక్షత్రం చుట్టూ తిప్పి చూపిస్తే, అవి దాన్నే ఉత్తరం అనుకున్నాయి. పుట్టుకతో వచ్చింది నక్షత్రాల పటం కాదన్నమాట. 'ఆకాశంలో కదలని చోటు వెతుకు' అన్న సూత్రం. దక్షిణాఫ్రికాలో పేడపురుగులు పాలపుంత వెలుగును పట్టుకుని రాత్రిపూట తమ ఉండను తిన్నగా దొర్లించుకుపోతాయని 2013లో తేలింది. యూరప్ రాబిన్ పిట్టకు భూమి అయస్కాంత క్షేత్రం తెలుస్తుంది, అదీ మన దిక్సూచిలా ఉత్తర దక్షిణాలుగా కాదు. క్షేత్ర రేఖలు నేలకు ఎంత వాలుగా ఉన్నాయన్నది చూసి, ధ్రువం ఎటు, భూమధ్యరేఖ ఎటు అని తెలుసుకుంటుంది. దాని కంటిలోని క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ ఇందుకు ఆధారమని చాలామంది భావిస్తున్నారు. 2021లో ఆ ప్రోటీన్‌ను విడిగా తీసి, ల్యాబ్‌లో అయస్కాంత క్షేత్రానికి అది స్పందిస్తుందని చూపించారు. బతికున్న పిట్ట కంట్లో అదే జరుగుతోందని తేల్చడం ఇంకా మిగిలే ఉంది.

మ్యాప్ విషయానికొస్తే సముద్రపు తాబేలు మన ఆలోచనను కాస్త తలకిందులు చేస్తుంది. ఫ్లోరిడా తీరంలో అప్పుడే గుడ్లలోంచి బయటికొచ్చిన లాగర్‌హెడ్ తాబేలు పిల్లలను కెనెత్ లోమన్ బృందం నీటి తొట్టెలో వదిలింది. చుట్టూ తీగచుట్టలు పెట్టి, అట్లాంటిక్ సముద్రంలో ఫలానా చోట ఉండే అయస్కాంత క్షేత్రాన్ని ఆ తొట్టెలోనే సృష్టించింది. సముద్రం ముఖమే చూడని ఆ పిల్లలు, ఆ చోట నిజంగానే ఉంటే పెద్ద ప్రవాహపు సుడి దాటి బయటికి పోకుండా ఎటు ఈదాలో అటే ఈదాయి. చోటు మారిస్తే దిక్కు మార్చాయి. అంటే ఎక్కడున్నదీ ఒక రకంగా వాటికి తెలిసింది. అయినా ఆ పిల్ల తాబేలు తలలో సముద్రపు బొమ్మ ఉందని చెప్పలేం. 'క్షేత్రం ఇలా ఉంటే ఇటు ఈదు' అనే నాలుగైదు నియమాలు వారసత్వంగా వచ్చి ఉంటే సరిపోతుంది. కొంచెం పెద్దయి ఒక తీరానికి అలవాటుపడిన పచ్చ తాబేళ్ల కథ వేరు. తమ తావుకు మూడు వందల కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉండే క్షేత్రం చూపిస్తే అవి దక్షిణానికి ఈదాయి, దక్షిణాన ఉండేది చూపిస్తే ఉత్తరానికి. ఇది నేర్చుకున్న జ్ఞానం, గమ్యం ఇల్లు.

పావురాల మీద వాదనలైతే యాభై ఏళ్లుగా సాగుతున్నాయి. వాసన తెలియకుండా చేస్తే కొత్తచోట్ల నుంచి పావురాలు దారి తప్పుతాయని 1970ల మొదట్లో ఇటలీలోని పీసాలో ఫ్లోరియానో పాపి చూపించాడు. గాలి మోసుకొచ్చే వాసనలే వాటి మ్యాప్ అన్నాడు. తెలిసిన చోట్ల నుంచి వదిలితే అవి రోడ్ల వెంబడి, మలుపుల దగ్గర మలుపు తిరుగుతూ ఎగరడం జీపీఎస్ పెట్టి చూసినవాళ్లు గమనించారు. రెండూ నిజమే కావచ్చు. ఒకే పక్షి, పరిస్థితిని బట్టి వేరువేరు ఉపాయాలు.

నన్ను మాత్రం ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది 1952 నాటి ఒక షియర్‌వాటర్ పక్షి. వేల్స్ తీరంలోని స్కోకమ్ దీవి నుంచి దాన్ని అమెరికాలోని బోస్టన్‌కు విమానంలో తీసుకెళ్లి వదిలారు. దాదాపు 5,000 కిలోమీటర్ల సముద్రం దాటి, పన్నెండున్నర రోజుల్లో అది తన బొరియలోకి చేరింది. దాన్ని వదిలామని చెబుతూ రాసిన ఉత్తరం అప్పటికింకా అందలేదు.

అడ్డదారి పరీక్ష

తలలో మ్యాప్ అన్న ఆలోచన శాస్త్రంలోకి వచ్చింది పక్షుల వల్ల కాదు, ఎలుకల వల్ల. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో, ఎలుక చిక్కుదారి నేర్చుకోవడమంటే 'ఇక్కడ కుడికి, అక్కడ ఎడమకు' అనే అలవాట్ల గొలుసు తప్ప మరేం కాదని చాలామంది మనస్తత్వ శాస్త్రవేత్తలు నమ్మేవారు. తిండి దొరికితేనే అలవాటు పడుతుందన్నది వాళ్ల సిద్ధాంతం. బర్కిలీలో ఎడ్వర్డ్ టోల్మన్ దీన్ని ఒప్పుకోలేదు. 1930లో ఆయనా హాన్జిక్ కలిసి కొన్ని ఎలుకలను పది రోజులపాటు చిక్కుదారిలో ఊరికే తిరగనిచ్చారు, తిండి ఏమీ పెట్టలేదు. పదకొండో రోజు చివర్లో తిండి పెట్టారు. ఆ మర్నాడే అవి, మొదటి నుంచీ తిండి తింటున్న ఎలుకలతో సమానంగా, దాదాపు తప్పుల్లేకుండా పరిగెత్తాయి. అంటే ఊరికే తిరిగిన రోజుల్లోనే అంతా నేర్చుకున్నాయి, చూపించే అవసరం రాలేదంతే.

1946 ప్రయోగం ఇంకా ప్రసిద్ధం. చుట్టుతిరిగి తిండి దగ్గరికి వెళ్లడం నేర్చుకున్న ఎలుకలకు పాత దారి మూసేసి, సూర్యకిరణాల్లా నలువైపులా పోయే కొత్త దారులు తెరిచారు. అన్నిటికంటే ఎక్కువ ఎలుకలు తిన్నగా తిండి ఉన్న చోటు వైపు పోయే దారినే ఎంచుకున్నాయి. దీని ఆధారంగానే 1948లో టోల్మన్, తలలో మ్యాప్ ఉందన్న తన వాదాన్ని పూర్తి రూపంలో ముందుపెట్టాడు. కానీ ఒక చిక్కుంది. ఆ గదిలో తిండి ఉన్న వైపు ఒక దీపం వెలుగుతోంది. దీపం వైపు పరిగెత్తడానికి మ్యాప్ ఎందుకు?

అప్పటినుంచీ వాదం మొత్తం ఇక్కడే తిరుగుతోంది. అంతకుముందు ఎన్నడూ వెళ్లని దారిలో, గమ్యం కనబడకుండా, దారి లెక్క సాయం లేకుండా ఏదైనా జంతువు తిన్నగా వెళ్తే, అప్పుడు మ్యాప్ ఉందని ఒప్పుకోవాలి. వినడానికి తేలికే. చేసి చూపించడమే మహా కష్టం. బెర్లిన్‌లో రాండల్ఫ్ మెంజెల్ బృందం తేనెటీగలకు రాడార్‌లో కనిపించే చిన్న యాంటెన్నా తగిలించి, 2005లో వాటి దారులు గీసింది. పట్టుకుని వేరేచోట వదిలిన ఈగలు మొదట చీమలాగే పాత బాణం ప్రకారం ఎగిరాయి, తర్వాత కొంచెం వెతికాయి, ఆపైన ఉన్నట్టుండి పట్టు వైపు తిన్నగా మళ్లాయి. మ్యాప్ ఉందని మెంజెల్ అన్నాడు. అవసరం లేదు, గుర్తుంచుకున్న దృశ్యాలూ నేర్చుకున్న కొన్ని బాణాలూ కలిపితే ఇదే ఫలితం వస్తుందని వేనర్ వర్గం కంప్యూటర్ నమూనాతో బదులిచ్చింది. ఈ గొడవ చల్లారలేదు. నాకైతే తేనెటీగ విషయంలో తీర్పు ఇచ్చేయడం తొందరపాటే అనిపిస్తుంది.

గబ్బిలాల దగ్గర మాత్రం తూకం మ్యాప్ వైపే మొగ్గింది. ఇజ్రాయెల్‌లోని ఈజిప్ట్ పండ్ల గబ్బిలాలను 2011లో వాటి గుహకు దాదాపు 80 కిలోమీటర్ల అవతల, ఎడారిలోని పెద్ద లోయలో వదిలారు. లోయ అడుగున వదిలినవి చాలాసేపు తికమకగా తిరిగాయి. దూరపు కొండలూ దీపాలూ కనబడేలా లోయ అంచున వదిలినవి తిన్నగా ఇంటి దారి పట్టాయి. చూపు అందితే తామెక్కడున్నదీ పోల్చుకోగలుగుతున్నాయన్నమాట. 2020లో ఇంకో మెట్టు పడింది. రెండు బృందాలు, ఒకటి హూలా లోయలో, ఒకటి టెల్ అవీవ్‌లో, గబ్బిలాల ప్రతి రాత్రి ప్రయాణాన్నీ నెలల తరబడి నమోదు చేశాయి. టెల్ అవీవ్ బృందం గబ్బిలం పిల్లలను మొట్టమొదటిసారి ఎగిరిన రోజు నుంచే వెంటాడింది. ఇది చాలా ముఖ్యం. జంతువు ఇంతకుముందు ఎక్కడెక్కడ తిరిగిందో తెలియకపోతే, ఫలానాది కొత్త దారి అని ఎలా చెబుతాం? ఆ గబ్బిలాలు రెండు తెలిసిన చెట్ల మధ్య, ఎన్నడూ ఎగరని అడ్డదారి పట్టి తిన్నగా వెళ్లాయి. టోల్మన్ అడిగిన పరీక్షకు ఇంత దగ్గరగా వచ్చిన సాక్ష్యం బయటి ప్రపంచంలో ఇంతకుముందు లేదు.

కణాలు చెప్పే చోటు

ఇప్పటిదాకా నడక చూసి తలలో ఏముందో ఊహించాం. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, జొనాథన్ డస్ట్రోవ్‌స్కీ నేరుగా లోపలికే చూశారు. ఎలుక మెదడులోని హిప్పోక్యాంపస్‌లో సన్నటి ఎలక్ట్రోడ్ దించి, దాన్ని స్వేచ్ఛగా తిరగనిచ్చారు. అక్కడి నాడీకణం మాట్లాడితే స్పీకర్‌లో టపటపమని చప్పుడు వస్తుంది. ఎలుక ఒక మూలకు వచ్చినప్పుడే ఆ చప్పుడు, అక్కణ్నుంచి కదిలితే నిశ్శబ్దం. పక్క కణానికి ఇంకో చోటు. దీపం ఆర్పినా ఆ గుర్తింపు చాలావరకు నిలుస్తుంది. గోడ మీద పెట్టిన గుర్తును పక్క గోడకు జరిపితే ఆ చోట్లన్నీ దానితోపాటే తిరుగుతాయి. వీటినే ప్లేస్ సెల్స్ అంటున్నాం.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఇది కాగితం మీద గీసిన పటంలా ఉండదు. గదిలో పక్కపక్క చోట్లను గుర్తించే కణాలు మెదడులో పక్కపక్కన ఉండవు, ఎక్కడెక్కడో చెదిరి ఉంటాయి. వేరే గదిలోకి వెళ్తే అవే కణాలు మళ్లీ వేరే చోట్లకు, ఏ పోలికా లేని క్రమంలో కేటాయింపవుతాయి. ఇంకా చెప్పాలంటే, ఏ క్షణంలో ఏయే కణాలు కలిసి మోగుతున్నాయన్నదే ఆ చోటి చిరునామా.

తర్వాత తల ఎటు తిరిగి ఉందో చెప్పే కణాలు 1984లో జేమ్స్ రాంక్ ద్వారా బయటపడ్డాయి. 2005లో నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో ఎడ్వర్డ్, మే-బ్రిట్ మోసర్ బృందం గ్రిడ్ సెల్స్ కనిపెట్టింది. వీటిలో ఒక్కో కణం ఒక్క చోట కాక ఎన్నో చోట్ల మోగుతుంది. ఆ చోట్లన్నీ గుర్తించి గీతలు కలిపితే గది నేలంతా సమబాహు త్రిభుజాలతో నిండిపోతుంది. ఆ నమూనా బయట ఎక్కడా లేదు, ఎలుక మెదడు తనంతట తాను దాన్ని నేల మీద పరుస్తోంది. చీమ చేసే దారి లెక్కకు ఎలుకలో కొలబద్ద ఇదేనని ఎక్కువమంది అభిప్రాయం. ఓకీఫ్‌కూ మోసర్ దంపతులకూ 2014లో నోబెల్ వచ్చింది.

నాకు ఇంకా ఇష్టమైనది పండు ఈగ మెదడు. అమెరికాలోని జెనీలియా కేంద్రంలో వివేక్ జయరామన్, యోహానెస్ సీలిగ్ 2015లో చూపించినదాన్ని బట్టి, ఈగ ఎటు తిరిగిందో చెప్పే కణాలు నిజంగానే ఉంగరంలా గుండ్రంగా అమరి ఉన్నాయి. ఈగ తిరిగినప్పుడల్లా ఆ ఉంగరంలో చురుకుగా ఉన్న చోటు కూడా జరుగుతుంది. చీకట్లో కూడా. గసగసాల గింజంత మెదడులో, సూక్ష్మదర్శిని కింద కంటికి కనబడే దిక్సూచి!

కానీ 'తలలో' అన్న మాటకు అసలు బలం ఇచ్చేది ఇవేవీ కాదని నాకనిపిస్తుంది. ఎలుక నిద్రపోయినప్పుడు, పగలు తిరిగిన దారిలోని ప్లేస్ సెల్స్ అదే వరుసలో, ఎన్నో రెట్లు వేగంగా మళ్లీ మోగుతాయి. మేలుకుని బయల్దేరబోయే ముందు కూడా ఒక్కోసారి, తానున్న చోటు నుంచి వెళ్లాల్సిన చోటు దాకా ఉన్న కణాలు వరుసగా మోగుతాయని 2013లో ఫైఫర్, ఫాస్టర్ చూపించారు. కాళ్లు ఇంకా కదలకముందే లోపల ప్రయాణం జరిగిపోతోంది. తాను లేని చోటును తలచుకోవడమంటే ఇదే కదా. చీమ బాణంలో ఇది లేదు.

మనుషుల్లోనూ ఇదే భాగం ఈ పని చేస్తుంది. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్స్ కోసం దాదాపు 25,000 వీధులు కంఠతా పట్టాలి. వాళ్ల హిప్పోక్యాంపస్ వెనుక భాగం పెద్దదిగా ఉందని 2000లో ఎలినోర్ మగ్వైర్ చూపించింది. అది చదువు వల్లే పెరిగిందని, ఆ పరీక్షకు తయారైనవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2011లో నిర్ధారించింది. అల్జీమర్స్ మొదట దెబ్బతీసే ప్రాంతాల్లో గ్రిడ్ సెల్స్ ఉండే భాగం ఒకటి. తెలిసిన దారుల్లోనే తప్పిపోవడం ఆ జబ్బు తొలి లక్షణాల్లో ఎందుకుంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కొలతలు కుదరని మ్యాప్

ఇంతా చెప్పాక, మెదడులో ఉన్నది మనం గోడకు తగిలించుకునే పటం లాంటిదని అనుకుంటే మళ్లీ పొరపాటే. ఒకవైపు ఇరుకుగా, ఒకవైపు వెడల్పుగా ఉన్న పెట్టెలో ఎలుకను తిప్పితే గ్రిడ్ సెల్స్ త్రిభుజాలు సాగి వంకరపోతాయని 2015లో తేలింది. పాములా మెలికలు తిరిగిన సన్నటి దారిలో పెడితే ఒక్కటిగా ఉండాల్సిన నమూనా ముక్కలైపోయి, ప్రతి మెలికలో కొత్తగా మొదలవుతుంది. కొలబద్దే సాగితే కొలతను ఎలా నమ్మాలి?

మనుషుల్లో ఇది ఇంకా స్పష్టం. బ్రౌన్ యూనివర్సిటీలో విలియం వారెన్ బృందం 2017లో వర్చువల్ రియాలిటీ చిక్కుదారిలో మాయ ద్వారాలు పెట్టింది. ఒకచోట అడుగుపెట్టిన మనిషి, తనకు తెలియకుండానే, కొన్ని మీటర్ల అవతల ఇంకో దిక్కుకు తిరిగి తేలతాడు. కాగితం మీద గీయడానికే కుదరని చోటు అది. పాల్గొన్నవాళ్లు ఆ మాయను పసిగట్టనే లేదు, హాయిగా దారులు నేర్చుకున్నారు. అడ్డదారి చూపించమంటే మాత్రం ఒకదానితో ఒకటి పొసగని దిక్కులు చూపించారు. అందుకే వారెన్ లాంటివాళ్లు మన తలలో ఉన్నది పటం కాదు, చోట్లనూ వాటిని కలిపే దారులనూ ముడివేసిన వల అంటున్నారు. ఆ దారులకు ఉజ్జాయింపు దూరాలు, ఉజ్జాయింపు కోణాలు తగిలించి ఉంటాయి. చాలా పనులకు అది చాలు. నాకు ఈ మాటే నిజానికి దగ్గరగా తోస్తుంది. అయితే గబ్బిలాల అడ్డదారులు చూస్తే, పైనుంచి మొత్తం చూడగలిగే జంతువుకు ఆ వల ఇంకా బిగుతుగా, పటానికి మరింత దగ్గరగా ఉండొచ్చనిపిస్తుంది.

దీన్ని తేల్చాలంటే పెద్ద జాగాలో కొలవాలి. ప్లేస్ సెల్స్ గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఒకటి రెండు మీటర్ల పెట్టెల్లో తేలినదే. ఇజ్రాయెల్‌లో నాహుమ్ ఉలనోవ్‌స్కీ బృందం 200 మీటర్ల సొరంగం కట్టి, మెదడు చప్పుళ్లు రికార్డు చేసే చిన్న పరికరం తగిలించి గబ్బిలాలను అందులో ఎగరేసింది. 2021లో వచ్చిన ఫలితం పాఠ్యపుస్తకంలోని బొమ్మకు భిన్నంగా ఉంది. ఒక కణానికి ఒక చోటు అన్నది అక్కడ చెల్లలేదు. ఒకే కణం సొరంగంలో ఎన్నో చోట్ల మోగింది, అందులో కొన్ని చోట్లు మీటరు కంటే చిన్నవి, కొన్ని 30 మీటర్లకు పైగా పెద్దవి. అదే బృందం ఆ తర్వాత గబ్బిలాలను టాంజానియా తీరానికి దూరంగా ఉన్న లాథమ్ దీవికి తీసుకెళ్లి, రాత్రిపూట బయట ఎగురుతుండగా తల దిక్కు చెప్పే కణాలను విన్నది. దీవిలో ఏ మూల ఎగిరినా ఒక్కో కణం ఒకే దిక్కును పట్టుకుని ఉంది. చంద్రుడు ఉన్నా లేకపోయినా ఆ దిక్కు మారలేదు. కొత్త దీవికి అలవాటుపడటానికి వాటికి కొన్ని రాత్రులు పట్టింది. క్రామర్ చెప్పిన రెండు మెట్లలో దిక్సూచి ఆరుబయట, ఎగురుతున్న జంతువు మెదడులో ఇలా వినబడింది. కిలోమీటర్ల పొడవునా మ్యాప్‌ను కూడా అలాగే వినడం ఇప్పుడు వాళ్ల ముందున్న పని.